వంతెన మీద నీళ్లావిడ

ఆదివారం, పద్నాలుగో తేదీ
మధ్యాహ్నం

అన్నయ్యగారికి,

చెల్లెలి నమస్కారాలు. వదినగారికీ నా నమస్కారాలు చెప్పండి. మీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గి ఉంటుందని ఆశిస్తాను. మేమిక్కడ క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. ఆ మాట లేకుండానే ఉత్తరం మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

నాలుగేళ్లుగా మీకు రాయాలనుకుంటూనే ఉన్నాను. పదో తరగతితో చదువాపేసినదాన్ని, సరుకుల చీటీ తప్ప పెద్దగా రాసింది లేదు. అదొక సాకు. అసలు సంగతి, ధైర్యం లేదు. మొన్న గురువారం మీరు ఫోన్ చేశారు. నేను చేతులు తుడుచుకుని వచ్చేలోపే ఆయన తీశారు. మీ గొంతు వినీ వినగానే, ముందు ఆ రెండంగుళాలు తిరిగిచ్చి తర్వాత మాట్లాడు అని పెట్టేశారు. ఇన్నాళ్లకి అభిమానం చంపుకుని మీరు చేసిన ఫోన్ అది. వీడింకా పగ వదల్లేదు, వీడి గుండె రాయి అనుకుని ఉంటారు. అది కాదన్నయ్యా. మీరలా అనుకుంటూ ఉండిపోకూడదని కలం పట్టాను.

మీ స్నేహితుడికి మతిమరుపు జబ్బు. రెండేళ్లయింది. మొదట కొట్టులోనే బయటపడింది. ముప్పై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి, ఒకరోజు ఎవరిదో చేతిగడియారం విప్పి, చక్రాలన్నీ తెల్లగుడ్డ మీద వరసగా పేర్చి, సాయంత్రం దాకా వాటిని చూస్తూ కూర్చున్నారట. పక్క కొట్టు కళ్లజోళ్లాయన వచ్చి, అమ్మా, ఒకసారి రండి, మాస్టారు ఏడుస్తున్నారు అన్నాడు. కొట్టు మూసేశాం. ఇది వెనక్కి తిరిగే జబ్బు కాదమ్మా, నెమ్మదిగా పోవాలని కోరుకోవడమే అని డాక్టరుగారు మెత్తగానే చెప్పారు. పొద్దున నన్ను గుర్తుపడతారు. సాయంత్రమయ్యేసరికి, ఎవరమ్మా మీరు, మీ ఇంట్లో ఎదురుచూస్తుంటారు, ఇక వెళ్లండి అంటారు. చొక్కా బొత్తాలు నేనే పెట్టాలి. సొంత తమ్ముడు పోయిన సంగతి గుర్తు లేదు, కొట్టు సంగతి లేదు. మీరు రెండంగుళాలు దొంగిలించారన్నది మాత్రం ఉంది. వరదకి ఇల్లంతా కొట్టుకుపోయి పొయ్యిరాయి ఒక్కటి మిగిలినట్టు, అదొక్కటే మిగిలింది.

ముందుగదిలో బల్ల అలాగే ఉంది. పాత తలుపుని రెండు ఇనప్పెట్టెల మీద పడుకోబెట్టి, మీరిద్దరూ దాని మీద థర్మాకోల్ కొండలు, నీలిరంగు పూసిన గాజుపలక నది, అగ్గిపుల్లల వంతెన కట్టారు గుర్తుందా? నది ఎండిపోయిందేం అని నేనడిగితే, రంగు ఆరుతోంది చెల్లెమ్మా, వానాకాలం వచ్చే ఆదివారం అన్నారు మీరు. బొటనవేలంతేసి సీసపు సిపాయిలు. ఆయనవి ఎర్రకోట్లు, మీవి బూడిదరంగువి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు టేపుతో కొలిచి సిపాయిల్ని జరపడం, పాచికలు వేసి ఎవడు నిలిచాడో ఎవడు పడ్డాడో తేల్చడం. ఒక్కో యుద్ధం ఏడాది సాగేది. సర్వే ఆఫీసులో నక్షాలు గీసే మీకు అంగుళమంటే అంగుళమే. ఆయనకి ప్రతి సిపాయికీ ఒక ఇల్లూ, ఒక తగువూ, ఒక బాకీ ఉత్తరం ఉండాలి. కొండెక్కే వేగం ఆరంగుళాలే అని మీరంటే, వాడి తల్లి జబ్బున పడిందిరా, ఇవాళ ఎనిమిది నడుస్తాడు అనేవారు ఆయన. మీరాయన్ని పురాణం అనేవారు, ఆయన మిమ్మల్ని టేపు అనేవారు. ఒరేయ్ టేపూ, నీ పెళ్లికి వదిన దండ కూడా కొలిచే వేయించుకున్నావా అని ఆయనంటే, నువ్వు తాళి కట్టే ముందు ఎన్ని గంటలు కథ చెప్పావురా అని మీరు. టీ తెచ్చి పెడుతున్న నన్ను చూపించి, రూల్సు నావి, కథ వీడిది, ఓపిక మా చెల్లెమ్మది, ఈ మూడిట్లో ఏది తగ్గినా ఆట నిలవదు అన్నారు మీరొకసారి. ఆ మాటకి నేను నెలరోజులు పొంగిపోయాను. మీకు చెప్పలేదు.

నీళ్లావిడని తెచ్చింది ఆయనే. సైన్యం వెనక కడవ పట్టుకుని నడిచే ఆడమనిషి బొమ్మ. కత్తి లేదు, తుపాకీ లేదు. ఒంటి వెంట్రుక బ్రష్షుతో దాని ఎడమ బుగ్గ మీద నాకున్నట్టే పుట్టుమచ్చ పెట్టారు. యుద్ధంలో దీనికేం పనిరా, లెక్కలోకి రాదు అని మీరు మొదట ఒప్పుకోలేదు. మళ్లీ వారం మీరే నోట్‌బుక్కులో కొత్త రూలు రాసుకొచ్చారు. నీళ్లావిడకి నాలుగంగుళాల లోపున్నవాడు ఎంత భయమేసినా పారిపోడు అని. అది చదివి ఆయన మిమ్మల్ని కౌగిలించుకున్నారు. ఆ రూలు అంత బాగుందని నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు రోజూ తలుచుకుంటాను.

ఆదివారం ఆట ఎక్కడ ఆగితే అక్కడ, పాత దుప్పటి కప్పి వెళ్లిపోయేవారు మీరు. ఎవరెక్కడున్నారో నోట్‌బుక్కులో రాసుకుందాం అని మీరు చాలాసార్లు అన్నారు. మనిద్దరి మధ్య రాతకోతలేంట్రా అని ఆయన కొట్టిపారేశారు. ఇరవై రెండేళ్లు ఆ దుప్పటి మీద నమ్మకంతోనే ఆడారు. ఆరు రోజులూ దాన్ని ఎవరూ తాకకుండా చూడటం నా పని.

నాలుగేళ్ల కింద, మీరు చివరిసారి వచ్చిన ఆదివారానికి ముందు ఆదివారం. ఎర్రకోట్ల వాళ్లు వంతెన మీదున్నారు. ఆయన నీళ్లావిణ్ణి తెచ్చి వంతెన మధ్యలో పెట్టారు. మీరు చాలాసేపు చూసి, ఒరేయ్, ఆవిణ్ణి వంతెన చివర గోడ వెనక్కి తీసుకోరా, నా వంతు వస్తే ఫిరంగికి ముందు పోయేది ఆవిడే అన్నారు. పోనీరా అన్నారాయన. ఆవిడ పోతేనే కథకి అందం అన్నారు. నేను వంటింట్లో గిన్నె కడుగుతూ విన్నాను.

మళ్లీ వారం దుప్పటి తీశారు. నీళ్లావిడ గోడ వెనక ఉంది. ముందున్న సిపాయిలకీ ఆవిడకీ మధ్య మూడున్నర ఉండాల్సింది ఐదున్నర అంగుళాలయింది. ఆసరా పోయింది, వంతెన మీ చేతికి వచ్చినట్టే. వెనక్కి పెట్టమని అడిగింది నువ్వే, నేను కాదన్నానని దొంగచాటుగా జరిపింది నువ్వే, దుప్పటి కప్పింది కూడా నువ్వే అన్నారాయన. నా మాట విని నువ్వే జరిపావేమో అనుకున్నానురా అని మీరు చాలా నెమ్మదిగా అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, చెల్లెమ్మా, ఎవరైనా తాకారా అని అడిగారు. నేను కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి, లేదని తల ఊపాను. మీరు టేపు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు. టీ రెండు కప్పులూ సింకులో పోశాను.

జరిపింది నేను. శుక్రవారం దుమ్ము దులుపుతుంటే దుప్పటి అంచు తగిలి ఆవిడ పడిపోయింది. ఎక్కడుండేదో తెలియక గోడ వెనక నిలబెట్టాను. మీరు తిట్టుకోండి, తగినదాన్నే.

ఆయనకి చెప్పకుండా ఉన్నాననుకోకండి. జబ్బు మొదలయ్యాక, ఇంకా ఆలస్యం చేస్తే వినేవారే ఉండరని చెప్పాను. ఎంత నవ్వారో. అయ్యో, టేపుగాణ్ణి అనవసరంగా అన్నానే, రేపు ఫోన్ చేద్దాం, ముందు నువ్వు మాట్లాడు, తర్వాత నేను అన్నారు. నేను ఆ రాత్రి దేవుడికి చెప్పుకుని హాయిగా పడుకున్నాను. పొద్దున లేచి పళ్లు తోముకుంటూ, ఆ దొంగ రెండంగుళాలు కొట్టేశాడు అన్నారు. మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వారు, మళ్లీ పోయింది. పదకొండుసార్లు చెప్పాను అన్నయ్యా. గోడ మీద కాగితం రాసి అంటిస్తే, ఈ అబద్ధం ఎవరు రాశారని చించేశారు. దేవుణ్ణి ఇదివరకు చాలా అడిగాను. ఆయనకి అంతా గుర్తుండాలని కాదు, ఆ ఒక్కటి మర్చిపోతే చాలని. ఇప్పుడు అదీ అడగడం లేదు.

మిమ్మల్ని రమ్మనడం లేదు. వస్తే మీ మొహం మీదే ఆ మాట అంటారు, మీరు భరించలేరు. ఆయన రోజూ బల్ల ముందు కుర్చీ వేసుకుని, వాడి వంతు, వాడు రానీ అని కూర్చుంటారు. మీ బదులు నేను ఆడబోయాను. నీకు కొలవడం రాదు లేమ్మా, పాడుచేస్తావు అన్నారు. పోయిన నెల లేవబోయి చెయ్యి తగిలి సగం సిపాయిలు కిందపడ్డారు. ఏరి పెట్టాను గాని, ఎవరెక్కడుండాలో ఇక మీకు తప్ప ఎవరికీ తెలియదు.

మీ టేపు భద్రంగా ఉంది. వదినగారిని జాగ్రత్తగా చూసుకోండి.

మీ చెల్లెలు

తా.క. కవరు అంటించి, మళ్లీ విప్పాను. పైన దుప్పటి అంచు తగిలిందని రాశాను. ఆయనకి పదకొండుసార్లూ అదే చెప్పాను. అది నిజం కాదు. ఆ శుక్రవారం నేను దుప్పటి తీసి, చేత్తో నీళ్లావిణ్ణి పట్టుకుని, మీరు చెప్పిన గోడ వెనక నిలబెట్టాను. ఆవిడ పోతేనే అందం అన్నారాయన, నా మచ్చ పెట్టిన చేత్తోనే తెచ్చి ఫిరంగికి ఎదురు పెట్టారు. ఆవిడ ఉండాలని అన్నది ఆ ఇంట్లో మీరొక్కరే. ఆ మిమ్మల్నే దొంగ అంటుంటే తల ఊపి ఊరుకున్నాను. నా ఓపిక గురించి మీరన్న మాట ఇక వెనక్కి తీసుకోండి.

మీ ఫోన్ వచ్చిన సాయంత్రం మొదటిసారి ఆయనకి నిజం చెప్పాను. నవ్వలేదు. చాలాసేపు నా బుగ్గ వైపు చూసి, అయితే ఆవిడ బతికిందా అని అడిగారు. బతికిందన్నాను. టేపుగాడికి చెప్పావా, వాడు సంతోషిస్తాడు, వాడు కూడా ఆవిడ బతకాలనే అన్నాడు అన్నారు. తెల్లారేసరికి మీరు మళ్లీ దొంగ.

చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ ఒక్క సాయంత్రం ఆయన మిమ్మల్ని దొంగ అనలేదన్న సంగతి నేను పోయాక ఎక్కడా ఉండదు. ఈ కాగితాలు దాచండి. వదినగారికి కూడా చూపించకండి. ఎప్పుడైనా మా గుమ్మం దాకా వచ్చినా, ఆయనకి మాత్రం చూపించకండి.