యోగిత చదివిన కథ

ప్రసన్నక్కకి,

ఫోన్లో చెబితే పక్కగదిలో యోగిత వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

యోగిత, పక్క క్వార్టర్లో ఉండే సోనీ జోడీగా ఇక్కడి టీవీ ఛానల్ వాళ్ళు పెట్టిన పిల్లల కేకుల పోటీకి వెళ్తున్నారు కదా. అందులో ఒకరు కథ పైకి చదవాలి, రెండోవారు అది విని కథలో చెప్పినట్టే కేకు చెయ్యాలి. పిల్లలకి కలిసి పనిచెయ్యడమూ, పుస్తకాలు చదవడమూ అలవాటు కావాలట. మొదటి రౌండులో సోనీ చదివింది, యోగిత చేసింది. అరటిపండు కేకు చక్కగా పొంగింది. రెండో రౌండులో ఇద్దరూ పనులు మార్చుకోవాలి.

నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది. యోగితకి పదేళ్ళొచ్చినా చదవడం కష్టం. అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయట. బడిలో టీచరు ఎప్పుడో చెప్పింది. నేనే ఎవరికీ తెలియనివ్వలేదు.

రెండో రౌండు రోజు, పోటీ జరిగే సాక్చి హాల్లో కెమెరాల ముందు యోగిత ఒక వాక్యం చదివి ఆగిపోయింది. సోనీ పిండిగిన్నె పట్టుకుని నిలబడింది. యాంకరు "పఢో బేటా, పఢో" అంటూ చదవమని తొందరపెడుతోంది. వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు. నేను లేచి వెళ్ళి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. నిర్వాహకుడు సోమేశ్వరరావు గారు వెనకే వచ్చి, "ఏటమ్మా ఇది, ఇంకా టైముంది కదా!" అన్నారు. మా పిల్ల ఇక రాదని చెప్పేశాను. ఆటోలో యోగిత అడిగితే, మీరు ఓడిపోయారన్నాను.

ఏడవలేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. నేను చేసింది మంచిపనే అనుకుంటున్నాను.

నీ చెల్లెలు,
గౌరీదేవి
బాగ్‌బేరా


అక్కా,

నీ జవాబు అందకముందే మళ్ళీ రాస్తున్నాను.

సోనీకి వేరే జోడీని ఇస్తామన్నారట. ఆ పిల్ల ఒప్పుకోలేదు. నేరుగా మా ఇంటికొచ్చి, "యోగీ, మనం ఓడిపోనేదు. మీ అమ్మే ఒద్దని సెప్పేసింది" అంది. నేను అక్కడే ఉన్నాను.

యోగిత నావైపు తిరిగి, "అమ్మా, తుమ్ ఝూఠ్ బోలీ?" అంది. అబద్ధం చెప్పావా అని. మళ్ళీ తనే అంది:

"నాను ఆగిపోనేదు. రెండో లైను ముందు మనసులో సదువుకుంటన్నాను. తప్పు సదివితే కేకు పాడైపోద్ది కదా. తుమ్ రుకీ హీ నహీ."

నిజమే. నేను ఆగలేదు.

"మరి నువ్వు ఎంతసేపని నిలబడతావే?" అని సోనీని అడిగాను.

"అది సదివేదాకా పిన్నీ. మేం రోజూ ఇలాగే కదా సేత్తాం" అంది.

మర్నాడు వెళ్ళి సోమేశ్వరరావు గారిని బతిమాలాను. ఆగిపోయిన రౌండు మళ్ళీ పెట్టారు. యోగిత ఒక్కో వాక్యం ముందు మనసులో, తర్వాత పైకి చదివింది. సోనీ విని, అంతవరకే చేసింది. టైమయ్యేసరికి కేకు మధ్యలో పచ్చిగానే ఉంది. ఆఖరి స్థానం వచ్చింది. కథ మాత్రం చివరిదాకా చదివింది. ఒక్క తప్పు కూడా లేదని సోనీ కనబడినవాళ్ళందరికీ చెబుతోంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో యోగిత దుకాణాల బోర్డులు చదువుతూ వచ్చింది. రానివి సోనీని అడిగింది. వాళ్ళిద్దరి మధ్యా నేను కూర్చున్నాను. నన్ను ఒక్కటీ అడగలేదు. నాకు తెలిసినవి కూడా చెప్పకుండా ఊరుకున్నాను.

గౌరి