మెర్లీ పిలిచిన అక్క

సిద్ధమ్మ అక్కకు నీ చెల్లెలు సంజీవమ్మ నమస్కరించి రాయునది. నేనిక్కడ ప్రాణంతో ఉన్నాను. అక్కడ నువ్వూ బావా పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. పోస్టు నడవడం లేదు. ఇక్కడ డ్రైవరుగా ఉన్న రాయచోటి సుభాన్ అన్న అమ్మాన్ మీదుగా ఇంటికి వెళుతున్నాడు. అతని చేతికి ఇది ఇస్తున్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాకముందు నువ్వు రాసిన ఉత్తరం అందింది. కళ్ళమంట తగ్గిందా అని అడిగావు, తగ్గింది. ఉత్తరాలు రాయడం లేదని మా ఆయన అలిగాడన్నావు. ఆ సంగతికి చివర్లో వస్తాను. సల్వాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మామా, బాగా చూసుకుంటుందా అన్నావు. చూసుకునేది. సైన్యం వచ్చిన కొద్దిరోజులకే వాళ్ళంతా సౌదీకి వెళ్ళిపోయారు. కారులో చోటు లేదని నన్నూ, నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ పిల్ల మెర్లీనీ ఇంట్లోనే వదిలేశారు. తర్వాత సైనికులు వచ్చారు. మెర్లీకి జరగరానిది జరిగింది.

కువైట్ సిటీలో ఒక పెద్ద ఇంట్లో ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు తలదాచుకున్నారని తెలిసి ఆ పిల్లను అక్కడికి తీసుకుపోయాను. నన్నూ ఉండనిచ్చారు. అక్కడ తెరెసితా అనే ఆమె ఉంది. మనసు చెదిరినవాళ్ళను మాట్లాడించి నయం చేయడం ఆమె చదువు, ఆస్పత్రిలో అదే ఉద్యోగం. మెర్లీని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి ఏం జరిగిందని అడిగింది. "బాగున్నాను మేడమ్" అని నవ్వింది మెర్లీ. ఎన్నిసార్లడిగినా అదే నవ్వు.

తెరెసితా నాతో అరబ్బీలో అంది: "మా వాళ్ళు సిగ్గుపడే సంగతి పరాయివాళ్ళకు చెప్పరు. ఈ కుర్చీలో ఉన్నంతసేపూ నేను పరాయిదాన్నే."

మర్నాడు ఆమె వంటింట్లో మాతోపాటు కింద కూర్చుని బియ్యం ఏరింది. మెర్లీ వాళ్ళ ఊరేదో, వాళ్ళమ్మ ఏం వండుతుందో అడిగింది. తన తమ్ముడు పోయిన సంగతి తనే చెప్పుకుంది. మాటల్లో మెర్లీ ఆమెను 'ఆతే' అని పిలిచింది. వాళ్ళ భాషలో అక్క అని. ఆ పూటే వెక్కివెక్కి ఏడ్చి అంతా చెప్పింది.

అప్పటినుంచి ఆమె బట్టలు మెర్లీయే ఉతికేది. తన రొట్టెలో సగం ఆమె పళ్ళెంలో పెట్టేది. "పిల్ల చిక్కిపోతా ఉంది, వద్దనకూడదా?" అన్నాను.

"వద్దంటే నేను దూరం పెట్టాననుకుంటుంది" అంది తెరెసితా.

నిద్ర పడుతోందా అని ఆమె అడిగితే మెర్లీ పడుతోందనేది. పట్టేది కాదని నాకు తెలుసు. అలా ఎందుకు చెప్పావంటే, "ఆతే నాకోసం ఇంత చేసింది. ఇంకా నయం కాలేదని ఏ ముఖంతో చెప్పను?" అంది. ఆ మాట తెరెసితాకు చేరవేశాను. "తెలుసు. నన్ను నొప్పించినా పరవాలేదని దానికి నేర్పాలి. టైము పడుతుంది" అంది.

ఆ టైము దొరకలేదక్కా. తెరెసితాకు జ్వరం వచ్చింది. మందుల్లేవు. మధ్యాహ్నం అందరం నడుము వాల్చినప్పుడు మెర్లీ ఎవరికీ చెప్పకుండా మందుల షాపు వెతుక్కుంటూ వెళ్ళింది. దారిలో సైనికులు ఆ పిల్లను జీపు ఎక్కించారని పక్కింటివాళ్ళు చెప్పారు. సుభాన్ అన్న వెళ్ళి విచారించి వచ్చాడు. "ఇడ్సిపెట్టమ్మా. ఇంకా అడిగితే మనల్నీ ఎత్తుకపోతారు. ఖలాస్" అన్నాడు.

తెరెసితా జ్వరం తగ్గింది గానీ మనిషి తేరుకోలేదు. "పరాయిదానిగా ఉండిపోతే నాకోసం బయటికి పోయేది కాదు" అంటుంది. కాసేపటికి, "పరాయిదానిగా ఉంటే నోరే తెరిచేది కాదు" అంటుంది. రెండూ నిజమే.

అక్కా, సల్వా ఇంట్లో ఆ రోజు మెర్లీతోపాటు నేనూ ఉన్నాను. నన్నూ వదల్లేదు. తెరెసితా కనిపెట్టింది. అడగలేదు, వచ్చి పక్కన కూర్చుంది. "నాకే చెప్పాలని లేదు. నీవాళ్ళెవరికైనా చెప్పు" అంది. నాకున్నది నువ్వే.

తర్వాతి బస్సుకు నేనూ అమ్మాన్ బయలుదేరుతాను. అక్కడినుంచి విమానంలో బొంబాయి చేరి, ఏ రోజు వచ్చేదీ నీకు టెలిగ్రాం ఇచ్చి రైలెక్కుతాను. మా ఆయనకు ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తెలియడం లేదు. కడప స్టేషనుకు నువ్వొక్కదానివే రా. ఇది చదివాక రావడానికి మనసొప్పకపోతే నేనేమీ అనుకోను. అక్కడే బెంచీ మీద కాసేపు చూసి, ఎటైనా పోతాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన
సంజీవమ్మ