మాణిక్యం చేతులకు పసుపు రాయనివ్వకండి

ఏమండీ, కాలువ లాకు దగ్గర నుంచి రాగానే ఇది చూడండి. మా చెల్లెలికి నొప్పులు వస్తున్నాయని కబురొచ్చింది. చంటివాణ్ణి ఎత్తుకుని పాలకొల్లు పడవకు వెళుతున్నాను. చద్దన్నం ఉట్టి మీద ఉంది.

మన మాణిక్యాన్ని లేసు బడికి మీరే దిగబెట్టాలి. ఇవాళ బడి నడిపే దొరసాని గారు పెద్ద తరగతికి పిల్లల్ని ఏరుతారు. అందులో లేసు అల్లికతో పాటు చదువు కూడా చెబుతారు. మంచి పనికి వెళుతోంది గదా అని అత్తయ్య గారు దాని చేతులకు పసుపు రాస్తారు. రాయనివ్వకండి. మొన్న అలాగే రాస్తే తెల్ల దారమంతా పచ్చబడింది. నేను చదివిన బడిలో అయితే వీపు చిట్లేది. ఆ దొరసాని తల్లి దాన్ని కోప్పడలేదు. తానే సబ్బుతో ఉతికి, రంగు పోయేదాకా ఎండలో పట్టుకుని కూర్చున్నారట. పరాయి పిల్ల అల్లికకు అంత ఓపిక పట్టేవారిని నేనెక్కడా చూడలేదు. కానీ ఇవాళ కూడా పచ్చబడితే తీసుకోరేమోనని నా భయం.

రెండో పుస్తకం సగంలో నన్ను బడి మానిపిస్తే అదేమని అడిగినవారు లేరు. మన పిల్లకు మీరున్నారు.

అత్తయ్య గారితో గట్టిగా మాట్లాడకండి, నేనే మీకు నేర్పానంటారు.

మరిచాను. ఆవిడ ఊరుకోకపోతే పాదాలకు రాయమనండి. లేసు కాళ్ళతో అల్లరు గదా. పిల్ల వంగి పాదాలు తడిమి చూసుకుంటుంది, పసుపు ఆరేదాకా దాని చేతులు రెండూ మీ చేతుల్లో పెట్టుకోండి.