దొంగ ఎలా మాట్లాడాలి?

అశోక్‌నగర్,
హైదరాబాదు.

అక్కయ్యకు తమ్ముడు సుబ్బారావు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, ఒంట్లో ఏ నలతా లేదు. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? చంటిదానికి దగ్గు తగ్గిందా?

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నారాయణగూడ మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. అయినా కడుపు నిండా తింటున్నాను, బెంగ పెట్టుకోకు. నా ప్రాణం తీస్తున్నది తిండి కాదు, నాటకం.

మా ఆఫీసు నాటకాలవాళ్లు ఈసారి రాసే పని నా నెత్తిన పెట్టారు. కోఠీలో ఏవో పాత పత్రికలు కొని చదివి, యుద్ధంలో ఓడిపోయిన జర్మనీలో జరిగే హత్య కథ రాశాను. ఊరంతా కూలిన ఇళ్లు. పోలీసుల తుపాకులు కూడా గెలిచినవాళ్లు లాక్కున్నారు. దొంగచాటుగా బొగ్గు అమ్మేవాడొకడు హత్య చేస్తాడు. ఇన్‌స్పెక్టరు చేతికర్ర ఒక్కదానితో వాణ్ణి పట్టుకోవాలి. కథ అందరికీ నచ్చింది. అక్కడితో ఊరుకున్నారా? చలిదేశం కాబట్టి కోట్లు ఉండాల్సిందే అన్నారు. ఒకాయన ఈ ఎండలో కోటు తొడుక్కుని రిహార్సల్లోనే కళ్లు తిరిగి పడ్డాడు. నాటకానికి ఇంకా పది రోజులుంది కాబట్టి, ఎవరైనా ఇటు వస్తుంటే బావగారి పాత నల్లకోటు పంపించు.

అసలు తలనొప్పి యాదగిరితో వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లావాడు, మా ఆఫీసులో రికార్డులు చూస్తాడు. నేను కొత్తగా వచ్చినప్పుడు, మన యాస వినగానే గది ఖాళీ లేదన్నవాళ్లే అందరూ. వెంట తిరిగి ఈ గది ఇప్పించింది అతనే. అతనికి ఆ బొగ్గు దొంగ వేషం ఇచ్చాను. నాటకాల్లో అలవాటే కదా అని మిగతా అందరికీ మన మాట రాసి, దొంగకు మాత్రం యాదగిరివాళ్ల మాట రాశాను. చిక్కడపల్లి హాల్లో యాదగిరి ఆ కాగితాలు రెండుసార్లు చదివి, నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, అందరు ఒక్క దేశపోళ్లే గద. దొంగొక్కడే నా లెక్క ఎందుకు మాట్లాడుతుండు?"

ఏదో సరదాకి అలా రాశానని అన్నాను. కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మొదట ఒళ్లు మండింది, ఇంత చిన్నదానికి ఈ అలకేమిటని తిట్టుకున్నాను. ఊళ్లో మనవాళ్లకూ వాళ్లకూ గొడవలు ఎలాగూ ఉన్నవే, యాదగిరి కూడా మాట్లాడకపోతే ఇక్కడ నాకెవరున్నారు అక్కయ్యా? తర్వాత సిగ్గేసింది. వెళ్లి బతిమాలాను. ఇన్‌స్పెక్టరు వేషం అతనికిచ్చి, ఆ మాటలన్నీ అతని చేతే చెప్పించుకుని తిరగరాశాను. దొంగ వేషానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. నేనే వేస్తున్నాను, మన మాటతోనే.

నిన్న రిహార్సల్లో యాదగిరి నా జబ్బ పట్టుకుని, "బొగ్గు ఏడ పెట్టినవ్?" అన్నాడు.

"ఆయ్, నాకేం తెలీదండి" అన్నాను.

హాలంతా పడీపడీ నవ్వారు, మన బెజవాడవాళ్లతో సహా. మన ఊళ్లో రోజూ అందరం అనే మాటే అది. నా మొహం ఎర్రబడిపోయింది. యాదగిరి ఒక్కడే నవ్వలేదు.

అమ్మకు, బావగారికి నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెన నా మీద ఉండాలి.

నీ తమ్ముడు,
సుబ్బారావు