తాడు లాగుతూ నేర్చిన స్పెల్లింగులు

మంగా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సరిగ్గా ఈ రోజే నీకు చెప్పి తీరాల్సిన సంగతి జరిగిందే!

మన అమ్మాయి కూతురు చిట్టికి వారం వారం ఇంగ్లీషు స్పెల్లింగుల పరీక్ష. అక్షరాలు గుర్తుండక, ఇక బడికే వెళ్లనని మొండికేసింది. నాకా ఏబీసీడీలు తప్ప ఇంకేమీ రావు. అందుకే గుంజకి తాడు కట్టి, మనం ఒడ్డున వల లాగినట్టు, అక్షరానికో లాగుడు చొప్పున లాగించాను. పుస్తకం చూసి నేను అక్షరం చెబితే, తను హైలెస్సా అంటూ నాతో కలిసి లాగాలి.

"ఆర్!"

"హైలెస్సా!"

"ఐ!"

"హైలెస్సా! గట్టిగా లాగు తాతా, ముసలాడివైపోయావా ఏంటి?"

ఇవాళ క్యారేజీ ఇద్దామని బడికెళ్లాను. స్పెల్లింగు చెబుతూ చిట్టి అలవాటుగా చేతులు లాగేసింది. పిల్లలంతా నవ్వారు. టీచరుగారేమో, "అదేంటమ్మా? మాకూ నేర్పవా?" అన్నారు.

నేర్పింది, మంగా! క్లాసంతా లేచి, లేని తాడు పట్టుకుని హైలెస్సా అంటూ లాగింది. మన వల పాటకి ఇంగ్లీషు మాటలు చేపల్లా ఒడ్డుకొస్తుంటే, నోరు తెరుచుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. నువ్వుంటే ఎంత మురిసిపోదువో!

సాయంత్రం ఇంటికొస్తూ చిట్టి అంది: "రేపు పెందలాడే లేపు తాతా, బడికి ఆలస్యమైపోద్ది."