సుబ్బారావు గారి ప్రొఫైలు

మంగళవారం, భవానీపురం

మూడు రోజులుగా వార్తలు రావడం లేదని బందరు విలేకరి సుబ్బారావు గారిని తీసేస్తానన్నాడు మా పత్రిక డెస్కు ఇన్‌ఛార్జి. ఫోన్ చేస్తే, "పంపానండీ బాబూ, ఒట్టు!" అన్నారాయన. ఒట్టు ఆధారం కాదు. మధ్యాహ్నం సిస్టమ్స్ చూసే షకీలా దగ్గర కూర్చుని, వార్తలు డెస్కుకు చేర్చే కొత్త సాఫ్ట్‌వేర్ తెరిపించాను.

ఎవరి వార్త ఏ డేటాబేసులోకి వెళ్లాలో చెప్పే కనెక్షన్ ప్రొఫైళ్లు అందులో ఉంటాయి. సర్వర్ల పేర్లు మాకు గుర్తుండవని షకీలా వాటికి మా పేర్లే పెట్టింది, 'గారు'తో సహా. 'సుబ్బారావు గారు' తెరిస్తే, అందులో ఇంకా డెస్కుకు కనిపించని శిక్షణ డేటాబేసే ఉంది. మూడు రోజుల వార్తలూ అక్కడే పడి ఉన్నాయి.

"ఇంకో వారం ప్రాక్టీసు చేసుకుంటానమ్మా అన్నారండీ. సరేనని వదిలేశా. వారం అయ్యాక మార్చడం మర్చిపోయా," అంది షకీలా.

ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సాఫ్ట్‌వేర్ తప్పని చెబుదామా అని నేను ఆలోచించేలోపే లేచి ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లి తన తప్పేనని చెప్పేసింది. సుబ్బారావు గారి కొలువు నిలిచింది. షకీలా సంగతి చూద్దామన్నాడు ఇన్‌ఛార్జి. ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు.

సాయంత్రం సంగతి తెలిసి సుబ్బారావు గారే ఫోన్ చేశారు. "ఆ పిల్లనేం అనొద్దని మీ ఇన్‌ఛార్జికి చెప్పండి. నేనే పంపలేదని చెప్పేయండి."

ఇన్నేళ్లలో నన్ను అబద్ధం చెప్పమన్నవాళ్లు చాలామందే. తన మీద చెప్పమన్నది ఈయనొక్కరే.