వాన తగ్గలేదు, నీళ్ళు తగ్గినాయి

అప్పకి,

చెల్లి రాజి దండాలు. నువ్వు, బావ, పిల్లలిద్దరు, అమ్మ అందరూ ఒంట్లో సుఖంగా ఉన్నారని అనుకుంటున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. తింటున్నాను, పనికి పోతున్నాను, జ్వరం గిరం ఏటీ లేదు. ముందే ఈ మాట చెప్పేస్తున్నాను. కింద రాసింది చదివితే నీకు జడుపొస్తాది. అప్పుడు నేను బాగానే ఉన్నానని, అమ్మ నీ ఇంట్లోనే ఉన్నాదని గుర్తు తెచ్చుకో.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏటని అనుకుంటావు. నువ్వు ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీద పెడతావు, పక్కన అమ్మ కూర్చుంటాది. ఫోన్లో తెలుగు కొట్టడం నాకు రాదు, ఇంగ్లీషులో మెసేజ్ పెడితే పిల్లలు చదివేస్తారు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు రెండుసార్లు ఫోన్ చేసినాను కదా, నీ గొంతు వినగానే ఏడుపొచ్చేసింది. ఏం కూర వండినావని అడిగి పెట్టేసినాను. కాగితం మీదయితే ఏడ్చినా ఎవరికీ వినబడదు. పైగా తెలుగు అక్షరాలు నీ పిల్లలకి రావు, అమ్మకి ఏ అక్షరాలూ రావు. ఆదివారం బడిలో నువ్వు చెవి మెలేసి నేర్పిన చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చినాది. తప్పులుంటే దిద్దుకొని చదువు.

ఇక్కడ పని మామూలే. మన దేశంలో సుంగై పెటాని ఊరి ఫ్యాక్టరీలో చేసిందే ఈ పరాయి దేశంలోనూ, మిషను నుంచి వచ్చిన ముక్కలు అద్దం కింద పెట్టి గీత పడ్డాదా లేదా చూడడం. చలి తగ్గినాది. కొండల మీద ఇంకా కొంచెం మంచు ఉన్నాది. అమ్మ రాకముందు నా ఆదివారాలు ఎలగ ఉండేవో నీకు చెప్పలేదు. అంగట్లో సంచి కావాలా అని అడుగుతారు, వద్దంటాను. కొన్ని ఆదివారాలు నా నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే. అందుకే అమ్మని పూల కాలంలో రెండు వారాలకి రమ్మని అంత బతిమాలినాను. వచ్చినాది, పెట్టె నిండా ఎండు నెత్తళ్ళు, కారప్పొడి, ఆవకాయ తెచ్చినాది. నా గది వాసనే మారిపోయినాది. పని నుంచి వచ్చేసరికి లైటు వెలుగుతూ ఉండేది, అప్పా. అంతకంటే ఏటి కావాలి.

ఇప్పుడు అసలు సంగతి.

అమ్మ వెనక్కి పోవడానికి నాలుగు రోజులుందనగా నాకు ఒక ఆదివారం దొరికినాది. ముందురోజు నుంచి వాన. అమ్మ కిటికీ దగ్గర నిలబడి, "ఇయ్యాల ఒద్దే. ఇంట్లోనే ఉందాం. నెత్తళ్ళు ఏపుతాను, తిని తొంగుందాం" అన్నాది. నేనే వినలేదు. ఇంత దూరం వచ్చి నాలుగు గోడలే చూసి పోతావా, ఇక్కడ వానలో కూడా అందరూ తిరుగుతారు అని చెప్పి, గొడుగు చేతిలో పెట్టి బస్సెక్కించినాను. ఏ తప్పు జరిగినా అది నాదే.

ఊరి నుంచి ముప్పావు గంట కొండల మధ్యలోకి వెళ్తే ఆఖరి స్టాపు. ఒక లోయ, ఇరవై దాకా గడ్డికప్పు ఇళ్ళు, పక్కనే వాగు, వాగు మీద చెక్క వంతెన. మామూలుగా ఫొటోలు తీసుకొనేవాళ్ళు ఉంటారంట. ఆరోజు మేమిద్దరమే. పూలన్నీ వానకి రాలిపోయి బాట మీద అతుక్కొని ఉన్నాయి. అమ్మ వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచినాది. "ఈ ఇళ్ళు మన రబ్బరు తోటలో ఆఫీసు కొట్టంలాగ ఉన్నాయే" అని నవ్వినాది కూడా. అప్పటిదాకా బాగానే ఉన్నాది.

గుడి మెట్ల కింద చిన్న చిన్న రాతి బొమ్మలు వరసగా ఉన్నాయి, మెడలో ఎర్ర గుడ్డలు కట్టి. ఏటివి అని అడిగినాది. చనిపోయిన పిల్లల కోసం పెడతారంట అన్నాను. అమ్మ గొడుగు ఒక బొమ్మ మీదికి వంచి చాలాసేపు నిలబడినాది. తను తడుస్తున్నాది. రా అమ్మా, జలుబు చేస్తాది అని నేనే లాక్కొచ్చినాను.

వాన ఇంకా పెరిగినాది. తిరుగు బస్సు మూడు గంటలకి. స్టాపు పక్కనే ఒక టీ కొట్టు, వెనకంతా నిలువు కొండ, ముందు బాట, ఆ పక్క వాగు. కొట్టు నడిపే ముసలమ్మ పేరు తోమికో. ఎనభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి తువ్వాళ్ళు ఇచ్చినాది, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి టీ, పిండి ఉండలు పెట్టినాది. అమ్మ చీర చూసి బాగుంది బాగుంది అని చేత్తో తడిమి చూసినాది. నాకయితే ప్రాణం లేచొచ్చినాది. ముప్పావు గంట వెచ్చగా కూర్చుంటే బస్సు వచ్చేస్తాది కదా అనుకున్నాను.

అమ్మ తినలేదు. కిటికీలోంచి వాగునే చూస్తున్నాది. ఎర్రగా, బురదగా, చెట్టు కొమ్మలు మోసుకొంటూ హోరుమని పోతున్నాది వాగు. మేం మాట్లాడాలంటే గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తున్నాది. కాసేపటికి నేను మామూలు గొంతుతో మాట్లాడుతున్నానని నాకు తెలీలేదు. అమ్మకి తెలిసినాది. లేచి నిలబడినాది.

"రాజీ, నీళ్ళు తగ్గినాయి."

"మంచిదే కదమ్మా."

"వాన తగ్గలేదే. నీళ్ళెలగ తగ్గినాయి?"

అమ్మ తలుపు తీసి బయటికి తల పెట్టి వాసన చూసినాది. అప్పుడు నాకూ తగిలినాది, తవ్విన గోతిలోంచి వచ్చే పచ్చి మన్ను వాసన. అమ్మ నా మణికట్టు పట్టుకున్నాది. అప్పా, ఆ పట్టు ఇంకా నా చేతి మీద ఉన్నట్టే ఉన్నాది.

"పద. ఇక్కడ కూకోకూడదు."

"ఎక్కడికి? ఇదొక్కటే కప్పు ఉన్నాది. అరగంటలో బస్సు వస్తాది."

"బస్సు గిస్సు నాకు తెలీదు. కొండ కింద కూకోకూడదు. బేగి పద."

నేను వాదించినాను. మోకాళ్ళ నొప్పితో ఈ వానలో ఎక్కడికి పోతావని కసిరినాను కూడా. అమ్మ నా వైపు చూసినాది. అంత జడుపు అమ్మ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. నాయన పోయినప్పుడు కూడా చూడలేదు. ఆ మొహం చూసే లేచినాను, కొండ సంగతి నాకేటి తెలుసు.

తలుపు దాటినాక అమ్మ ఆగిపోయినాది. "ఆ ముసల్దాన్ని ఒగ్గేసి పోతామా?" అని మళ్ళీ లోపలికి పోయినాది. తోమికో నవ్వుతూ పిండి ఉండలు పొట్లం కడుతున్నాది, మాకు దారిలో తినడానికి. నేను చెప్పబోయినాను. రెండేళ్ళుగా నేర్చుకున్న వాళ్ళ భాషలో మిషను మాటలన్నీ వచ్చు, కొండ విరిగి పడతాది అనడం రాదు. అబునై, అబునై అన్నాను. ప్రమాదం అని. ఆవిడ నా భుజం తట్టి, ఏం ఫర్వాలేదు, వానే కదా అన్నాది. అమ్మ ఆవిడ చేతిలో పొట్లం తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకొని గుమ్మం దాకా తీసుకొచ్చి వాగు చూపించినాది. వేలితో చూపించి ఊరుకున్నాది, అంతే. అమ్మకి వాళ్ళ భాష ఒక్క ముక్క రాదు కదా. ముసలమ్మ వాగుని చూసినాది. మొహంలో నవ్వు పోయినాది. పుట్టి పెరిగిన చోటు, ఆవిడకి నాలాగ విడమర్చి చెప్పనక్కర్లేదు. పొయ్యి ఆపి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసినాది.

బాట దాటి కొంచెం పక్కకి పోతే గుడి మెట్లు. ఆ గుడి వేరే గుట్ట మీద ఉన్నాది. అమ్మ అటే చెయ్యి చూపించినాది, తోమికో కూడా అటే. నీ ఇంట్లో మేడ మెట్లు నాలుగు ఎక్కి ఆయాసపడే అమ్మ, అప్పా, ఆ రాతి మెట్లు ఒక చేత్తో చీర ఎత్తిపట్టి, ఒక చేత్తో ముసలమ్మని లాగుతూ ఎక్కినాది. నేను వెనక నుంచి ఇద్దర్నీ తోస్తున్నాను. సగం ఎక్కేసరికి పైన ఎక్కడో చెట్లు విరుగుతున్న చప్పుడు. పటపటపట అని, ఒకటి వెనక ఒకటి. తర్వాత కాళ్ళ కింద రాయి వణికినాది. నేను తిరిగి చూడలేదు. అమ్మ వీపునే చూస్తూ ఎక్కినాను.

గుడి వసారా మీద పడ్డాక చూసినాను. పైన మన్ను జారి వాగుకి అడ్డం పడబట్టే నీళ్ళు తగ్గినాయంట. ఆ అడ్డం తెగి వాగులోంచి, కొండ ఊడి వెనక నుంచి మన్ను, బండలు, చెట్లు కలిసి వచ్చి కొట్టు వెనక భాగాన్ని తోసేసినాయి. మేం కూర్చున్న పొయ్యి గది లేదు. బస్ స్టాపు గుంజ లేదు. చెక్క వంతెన లేదు. గడ్డికప్పు ఇళ్ళు ఎత్తు మీద ఉండబట్టి అక్కడ ఎవరికీ ఏటీ కాలేదంట. తోమికో నా ఫోన్ తీసుకొని ఊరి ఆఫీసుకి ఫోన్ చేసి, బస్సుని కింద ఆపేయమని చెప్పినాది. ఫోన్ పెట్టేసినాక కూర్చొని అమ్మ కాళ్ళు పట్టుకున్నాది. అమ్మ బెదిరిపోయి, తప్పు తప్పు, నువ్వు పెద్దదానివి అని లేవనెత్తి ఒళ్ళోకి తీసుకున్నాది.

మా కోసం మనుషులు రావడానికి రెండు గంటలు పట్టినాది. ఆ రెండు గంటలూ మళ్ళీ ఎక్కడ విరుగుతాదో అని చెవులు రిక్కించుకొని కూర్చున్నాను. అప్పుడు అమ్మని అడిగినాను, నీకెలగ తెలిసినాది అని.

నాకూ నీకూ ఒక పిన్ని ఉండేదంట, అప్పా. పేరు నీలు. నాలుగేళ్ళది.

అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. తోటలో కూలీల లైన్ ఇళ్ళు గుట్ట కిందే ఉండేవి. పెద్దాళ్ళంతా పాలు తియ్యడానికి రబ్బరు చెట్లకి పోయినారు, వాన కమ్ముకొని ఎక్కడో ఆగిపోయినారు. నీలు వెనక గదిలో తొంగున్నాది, అమ్మ కాపలా. ఇంటి పక్క వాగు ఉన్నట్టుండి తగ్గిపోయినాది. అడుగున చేపలు కొట్టుకుంటున్నాయి. "నీళ్ళు తగ్గినాయని సంబరపడి నాను సేపల బుట్ట కోసం అవతలి లైనుకి ఎల్లినాను. బుట్ట తెచ్చేసరికి ఎనక గది లేదు" అన్నాది. ఏడవలేదు. వానని చూస్తూనే చెప్పినాది. అమ్మమ్మ ఆ తర్వాత నీలు పేరు ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదంట. అమ్మ అరవై ఏళ్ళుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నాయనకి కూడా.

మమ్మల్ని తీసుకుపోయి పొడి బట్టలు, వేడి అన్నం ముద్దలు ఇచ్చినారు. తోమికో ఇప్పుడు టౌనులో కొడుకింట్లో ఉన్నాది, క్షేమం. విమానం ఎక్కేముందు అమ్మ నా చేత ఒట్టు వేయించుకున్నాది, నీకు చెప్పొద్దని. "దానిది కొత్త ఇల్లు. బెదిరిపోతాది" అన్నాది. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టు మీద పెడుతున్నాను. ఆ పాపం నాకే తగలనీ.

ఎందుకంటే మీ ఇల్లు కూడా కొండ కోసి కట్టినదే. పోయిన వారం ఫోన్లో నవ్వుతూ చెప్పినావు, వానొస్తే చాలు అమ్మ గొడుగు వేసుకొని ఇంటి వెనక కాలువ గట్టున కూర్చుంటున్నాది, పిల్లల్ని వెనక గదిలోంచి హాల్లోకి ఈడుస్తున్నాది, వయసుతో చాదస్తం వచ్చినాది అని. వాళ్ళని ముందు గదిలో పడుకోబెట్టమని నేనంటే, "అమ్మ భయం నీకూ అంటుకున్నాదిలే" అన్నావు. కారణం చెప్పకుండా చెప్తే ఎవరైనా నవ్వుతారు. నీ తప్పు కాదు. కానీ అమ్మ కాలువ గట్టున ఊరికే కూర్చోవడం లేదు, అప్పా. నీళ్ళు చూస్తున్నాది. అమ్మని కసరకు.

నువ్వు పంపిన మీ ఇంటి ఫొటోలు మళ్ళీ పెద్దవి చేసి చూసినాను. వెనక గోడకి అడ్డంగా ఒక చీలిక ఉన్నాది, దాని కింద తడి మరక. వాన లేని రోజు తీసిన ఫొటో అది. నా పనే గీతలు చూడడం, నా కళ్ళు మోసపోవు. బావకి చెప్పి తెలిసినవాళ్ళని పిలిపించి చూపించండి. నాకిక్కడ వాన పడితే నిద్ర రావడం లేదు. లేచి కిటికీ తీసి నా గది వెనక పారే వాగు చప్పుడు వింటాను. హోరుమంటే భయం, హోరు తగ్గితే అంతకంటే భయం. ఇది కొన్నాళ్ళకి తగ్గుతాదంట, అందరూ అంటున్నారు. తగ్గుతాదిలే, నా గురించి బెంగ పెట్టుకోకు.

బావకి నమస్కారాలు. పెదనాన్నకి, సిన్నత్తకి నా దండాలు చెప్పు. పిల్లల్ని ముద్దాడినానని చెప్పు. పెద్దదానివి, నాకు ధైర్యం కలగాలని అక్కడి నుంచే దీవించు. వీలయితే అమ్మని ఒకరోజు దగ్గర కూర్చోబెట్టుకొని నీలు ఎలగుండేదో అడుగు. నాతో సగమే చెప్పినాది.

ఈ కాగితం నీకు చేరడానికి పది రోజులు పడతాదంట. ఆ పది రోజులూ మీ వైపు వాన పడకూడదని మొక్కుకుంటున్నాను. చదవగానే ఫోన్ చెయ్యి. అమ్మ పక్కనే ఉంటాది కాబట్టి ఇంకేటీ చెప్పొద్దు. పిల్లల పరుపులు ముందు గదిలో వేసినాం అను, చాలు.

నీ చెల్లి
రాజి